బస్తాలు నాలుగు, వేలిముద్ర ఆరింటికి

ప్రశ్న: కోనసీమలో మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. ఈ సార్వాలో (ఖరీఫ్ వరిలో) రెండో దఫా యూరియాకు షాపుకి వెళితే బస్తా 340 అన్నారు. నాలుగు బస్తాలు తీసుకున్నాను. దాంతోపాటు 450 రూపాయల గుళికల సంచి కూడా తీసుకోవాలని లింకు పెట్టారు. బిల్లు అడిగితే మెషిన్ రసీదు ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే ధర 266.50 అనే ఉంది కానీ బస్తాలు ఆరు అని ఉంది. ఈ మాట ఇంట్లో అంటే డిగ్రీ చదివే మా అమ్మాయి, 'అమ్మ నెలనెలా కంట్రోలు బియ్యం మోపెడ్ అతనికి కిలో పది రూపాయలకి అమ్మడం మాత్రం బ్లాకు కాదా నాన్నా?' అంది. రెండూ ఒకటేనా? అసలు బ్లాకు మార్కెట్ అని దేన్నంటారు? మా మీద కూడా కేసు పెట్టొచ్చా? షాపాయన దగ్గర నాకు అప్పు ఖాతా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో 340 రూపాయల ధర కన్నా ఆ రెండు బస్తాల తేడా పెద్ద విషయం. ముందు దాన్నే చూద్దాం.

ధర దగ్గర మీకు బస్తాకి 73.50 చొప్పున నాలుగింటికి 294 రూపాయలు పోయాయి. మీ చేతిలో ఉన్న రసీదు మాత్రం వేరే కథ చెబుతుంది. ఆరు బస్తాలు, 266.50 చొప్పున 1599 రూపాయలు. మీరు యూరియాకి ఇచ్చింది 1360. రేపు ఎవరైనా అధికారి ఆ కాగితం చూస్తే షాపాయన తప్పు ఎక్కడా కనిపించదు, పైగా మీ పేరు మీద ఆరు బస్తాలు వెళ్ళినట్టు లెక్క సరిపోతుంది. మీరు మోయని ఆ రెండు బస్తాలకూ ఇప్పుడు కాగితం ప్రకారం యజమాని మీరే. అవి ఎక్కడికి పోయినా షాపు పుస్తకంలో మీ చేలోనే పడ్డాయి.

ఇది అర్థం కావాలంటే యూరియా ఎలా కదులుతుందో తెలియాలి. 45 కిలోల వేపపూత యూరియా బస్తా గరిష్ఠ ధర పన్నుతో కలిపి 266 రూపాయల 50 పైసలు. అసలు ఖరీదు దీనికి ఎన్నో రెట్లు. మిగతాది కేంద్ర ప్రభుత్వం సబ్సిడీగా కంపెనీకి ఇస్తుంది. 2018 నుంచి ఆ సబ్సిడీ బస్తా గోదాములో దిగినందుకు రాదు. రైతు ఆధార్ మీద, వేలిముద్ర పడి, పీఓఎస్ మెషిన్‌లో అమ్మకం నమోదైనప్పుడే వస్తుంది. కాబట్టి షాపులో ప్రతి బస్తాకీ ఒక వేలిముద్ర కావాలి. రాత్రిపూట వెనక గుమ్మంలోంచి రెండు బస్తాలు వెళ్ళిపోతే, మెషిన్‌లో అవి ఇంకా స్టాకుగానే కనిపిస్తాయి. వ్యవసాయాధికారి వచ్చి మెషిన్ నిల్వనీ గోదాము నిల్వనీ పక్కపక్కన పెడితే దొరికిపోతారు. ఆ ఖాళీని పూడ్చడానికి మీలాంటి వాళ్ళ వేళ్ళు కావాలి. నాలుగు తీసుకున్నవాడి చేత ఆరింటికి వేయించడం, ఏమీ కొనని వాళ్ళ ఆధార్ నంబర్లు తెచ్చుకుని వాడటం, అన్నీ ఆ ఖాళీ పూడ్చే పనులే.

ఆ బస్తాలు ఎవరికి కావాలి అంటే, సబ్సిడీ లేని యూరియా కొనాల్సిన వాళ్ళందరికీ. ప్లైవుడ్‌కి వాడే జిగురు యూరియాతోనే తయారవుతుంది. డీజిల్ లారీల పొగ శుద్ధి చేసే ద్రావణమూ దాంతోనే. పశువుల దాణాలో కలిపేవాళ్ళున్నారు, పాలలో కల్తీ చేసేవాళ్ళున్నారు. ఫ్యాక్టరీలు తమ యూరియాను సబ్సిడీ లేకుండా పూర్తి ధరకి కొనాలి. దొంగదారిలో వచ్చే రైతు బస్తాకి అందులో సగం ఇచ్చినా వాళ్ళకి లాభమే. మన డెల్టాలో ఇంకో గిరాకీ ఉంది, చేపల చెరువులు. నీళ్ళలో పచ్చనాచు పెరగాలని యూరియా చల్లుతారు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 ప్రకారం అనుమతి లేకుండా ఈ ఎరువును భూసారానికీ పంట దిగుబడికీ తప్ప వేరే పనికి అమ్మడమే కాదు, వాడటం కూడా తప్పే. 2015లో మొత్తం యూరియాకి వేపపూత తప్పనిసరి చేసింది ఈ దారి మళ్ళింపుని కష్టం చేయడానికే. కష్టమైంది కానీ ఆగలేదు.

షాపాయన వైపు నుంచి కూడా ఒక లెక్క ఉంది, అది మీకు తెలియాలి. టన్ను యూరియా మీద అమ్మేవారికి కట్టిన కమిషన్ 354 రూపాయలు. అంటే బస్తాకి దాదాపు 16. ఎరువుల గూడ్సు రైలు దిగిన స్టేషన్ నుంచి మీ ఊరికి లారీ కిరాయి, ఎత్తుడు దింపుడు హమాలీ అందులోంచే పోతే మిగిలేది ఏమీ ఉండదు. చాలాసార్లు లింకు పైనుంచే మొదలవుతుంది. యూరియా లారీ కావాలంటే ఇన్ని డబ్బాల ఇతర సరుకు ఎత్తుకోవాలని షాపుకి చెబుతారు, షాపు దాన్ని మీ నెత్తిన పెడుతుంది. ఇది అతను చేసినదాన్ని ఒప్పు చేయదు. కానీ మీ ఫిర్యాదులో గుళికల సంచి పేరు, కంపెనీ పేరు రాయమని చెప్పడానికి కారణం ఇదే. లింకు ఎక్కడ మొదలైందో ఆ పేరే చూపిస్తుంది.

ఇక బ్లాకు అంటే ఏమిటన్నది. మన పెద్దలు రేషన్ బియ్యాన్ని ఇప్పటికీ కంట్రోలు బియ్యం అంటారు. ఆ మాటలోనే సమాధానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సరుకులకి ప్రభుత్వం ధర కట్టి, మనిషికింత అని కొలత పెట్టింది. అది కంట్రోలు. కంట్రోలు ధరకి దొరకనప్పుడు చాటున ఎక్కువకి అమ్మింది బ్లాకు. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో తిండిగింజల మీద కంట్రోళ్ళు ఎత్తేశారు, అప్పుడు ఈ డెల్టా ఆ రాష్ట్రంలోదే. 1955లో వచ్చిన నిత్యావసర సరుకుల చట్టం ఇప్పటికీ నడుస్తోంది, ఎరువుల ఉత్తర్వు అయినా రేషన్ ఉత్తర్వు అయినా దాని కిందవే.

ఖరీదు పెరిగితే చాలు జనం బ్లాకు అనేస్తారు. టమాటా కిలో వంద అయితే అది బ్లాకు కాదు. టమాటాకి ఎవరూ ధర కట్టలేదు. బ్లాకు పుట్టాలంటే ఒకే సరుకుకి రెండు ధరలుండాలి, ఒకటి ప్రభుత్వం కట్టినది, ఇంకొకటి బయట ఎవరో ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నది. ఇంటికిచ్చే 14.2 కిలోల గ్యాసు బండ హోటల్ పొయ్యి కింద కనిపించేది అందుకే, హోటల్ వాళ్ళు వాడాల్సిన 19 కిలోల బండ ధర వేరు కనుక. పుదుచ్చేరి కిందున్న యానాంలో కొన్న మందు సీసా అక్కడ పూర్తిగా చట్టబద్ధం. అదే సీసాలు ఎదుర్లంక వారధి దాటించి ఇవతల అమ్మకానికి పెడితే ఎక్సైజు కేసు, ఎందుకంటే అక్కడి పన్ను వేరు, ఇక్కడి పన్ను వేరు. దాన్ని స్మగ్లింగ్ అంటారు. ధర పెరిగేదాకా గోదాములో దాచడం దొంగ నిల్వ. కట్టిన ధర దాటి అమ్మడం బ్లాకు. ఒకరికోసం ఇచ్చిన సరుకు ఇంకొకరికి చేరడం దారి మళ్ళింపు. మీ షాపులో జరిగింది చివరి రెండూ. మీ ఇంట్లో జరుగుతున్నది చివరిది మాత్రమే. మీ అమ్మాయి మాట ఆ మేరకు నిజం.

కేసుల సంగతి. కట్టిన ధర మించి అమ్మకూడదన్న నిబంధన అమ్మేవాడి మీద ఉంది. ఎక్కువ ఇచ్చి కొన్నందుకు రైతు మీద కేసు ఉండదు, ఆ భయంతో ఊరుకోకండి. నిత్యావసర సరుకుల చట్టం సెక్షన్ 7 కింద అమ్మినవారికి మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా పడొచ్చు. సెక్షన్ 6ఏ కింద సరుకునీ, మోసిన బండినీ జప్తు చేసే అధికారం కలెక్టర్‌కి ఉంది. పదేపదే చేసేవారిని 1980 నాటి బ్లాకు మార్కెట్ నిరోధక చట్టం కింద ఆరు నెలల దాకా నిర్బంధంలో ఉంచవచ్చు. బియ్యం విషయంలో పోలీసులు సాధారణంగా పట్టుకునేది మోపెడ్ అతన్నీ, అతని వెనక గోదాము నడిపేవాడినీ. కానీ రేషన్ సరుకు కొనడంతో పాటు అమ్మడమూ తప్పే. మీ ఇంటికి వచ్చే దెబ్బ కార్డు మీద పడుతుంది. కార్డు పోతే వైద్యం దగ్గర్నుంచి ఎన్ని దానిమీద ఆధారపడ్డాయో మీకు మేము చెప్పనక్కర్లేదు.

మీ శ్రీమతిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఇంట్లో సన్నబియ్యం తింటూ, కంట్రోలు బియ్యం తీసుకోకపోతే కార్డు తీసేస్తారన్న భయంతో తెచ్చి, తెచ్చినవి ఏం చేయాలో తోచక అమ్మే ఇళ్ళు డెల్టాలో వీధికి ఎన్నో ఉన్నాయి. ఆ భయానికి కొంత ఆధారం ఉంది. వరుసగా ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డులను తాత్కాలికంగా ఆపి విచారించే నిబంధన 2025లో వచ్చింది. కానీ అది ఆరు నెలలకి, ఒక నెలకి కాదు. వాడుకోగలిగిన నెల తీసుకోండి, అక్కర్లేని నెల వదిలేయండి. బియ్యం తీసుకోని నెల వేలిముద్ర వేయొద్దు. డిపో దగ్గరే వేలిముద్ర వేయించుకుని బియ్యానికి బదులు డబ్బు చేతిలో పెట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అది మోపెడ్ అతనికి అమ్మడం కంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ బియ్యం మీ ఇంటి గుమ్మం కూడా చూడదు, కాగితం మీద మాత్రం మీరు తిన్నట్టే.

కంట్రోలు బియ్యంలో ప్లాస్టిక్ గింజలుంటాయి, తినడానికి పనికిరావు అని జనం అనే మాటలో ఎక్కువ పాలు అపోహ. వందకి ఒక గింజ చొప్పున తేడాగా, కొంచెం పచ్చగా నున్నగా కనిపించేది ప్లాస్టిక్ కాదు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్ కలిపి గింజలా పోసి, వంద కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపిన గింజ అది. కడిగేటప్పుడు తేలితే పారబోయకండి, అందులో ఉన్నదే బలం. అన్నానికి నచ్చకపోతే అట్లకి నానబోయండి, జంతికలకి పిండి పట్టించండి, ఇడ్లీ రవ్వ ఆడించండి. నలుగురున్న ఇంటికి మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోలు, మోపెడ్ అతను ఇచ్చేది 200. నెలంతా అట్లపిండి, ఇడ్లీ రవ్వ బయట కొంటే అంతకంటే ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు మీరు రైతుగా వినాల్సిన మాట. ఆ 20 కిలోలు ఎక్కడికి పోతాయో చూడండి. మోపెడ్ మీద నుంచి ఓ ఇంటి వరండాలోకి, అక్కడ గోనెలు మార్చి ఆటోలో ఒక గోదాముకి. కొంత పాలిష్ పట్టి ఎగుమతికి పోతుంది. 2024 నవంబరులో కాకినాడ యాంకరేజి పోర్టులో 'స్టెల్లా ఎల్' నౌకలో 640 టన్నుల రేషన్ బియ్యం ఉన్నట్టు అధికారులు ప్రకటించడం, ఆ తర్వాత ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం వేయడం మీరూ పేపర్లో చూసే ఉంటారు. నౌక వార్తల్లోకి ఎక్కుతుంది. వార్తల్లోకి ఎక్కని దారి ఇంకొకటుంది, రీసైక్లింగ్. ప్రభుత్వం మద్దతు ధరకి కొన్న ధాన్యం మిల్లుకి ఇస్తే, క్వింటాలుకి 67 కిలోల పచ్చిబియ్యం తిరిగి అప్పగించాలి. మిల్లు ఆడించకుండానే ఆ 67 కిలోలూ రేషన్ బియ్యంతో సరిపెట్టేస్తే, ధాన్యం మిగిలిపోతుంది. అసలు ధాన్యమే లేకుండా ఎవరో కౌలు రైతు పేరు మీద కొన్నట్టు కాగితం పుట్టిస్తే ఇంకా లాభం. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2369. చేతులు మారి కిలో 20 పడినా 67 కిలోల రేషన్ బియ్యానికి అయ్యేది 1340. తేడా 1029 రూపాయలు. ఇక్కడ కూడా కావలసింది ఒక రైతు పేరు, ఒక ఆధార్, ఒక వేలిముద్ర.

కళ్ళంలో మీ ధాన్యం దగ్గరికి వచ్చేసరికి ఈ రీసైక్లింగే, తేమ 17 శాతం దాటిందన్న సాకుగా, బస్తాకి ఇన్ని కిలోల కోతగా కనిపిస్తుంది. తేమ నిజంగా ఉన్న రోజులూ ఉంటాయి, మంచు పడే కాలంలో మరీను. కానీ గోదాములో అప్పగించడానికి బియ్యం ముందే సిద్ధంగా ఉన్న మిల్లుకి మీ 75 కిలోల బస్తా మీద తొందర ఉండదు. మీ ఇంటి బియ్యం మీ ధాన్యానికే పోటీ వస్తోంది. దీన్ని పట్టుకోవడానికి గోదాముల్లో బియ్యం వయసు చూసే రంగు పరీక్ష చేస్తారు, ద్రావణం కొత్త బియ్యానికి ఆకుపచ్చగా, పాతబడేకొద్దీ పసుపుగా, నారింజగా మారుతుంది. పరీక్ష ఉన్నా, నమూనా నిజాయితీగా తీసినప్పుడే అది పనిచేస్తుంది.

సరే, షాపు సంగతికి వద్దాం. అప్పు ఖాతా ఉంది కనుక ఎదురుగా గొడవ పడలేరు, అది మాకు అర్థమైంది. కౌలు రైతుకి బ్యాంకు అప్పు సరిగా పుట్టకపోవడమే ఈ వ్యాపారానికి అసలు బలం. అయినా కొన్ని పనులు గొడవ లేకుండానే చేయొచ్చు.

మళ్ళీ వెళ్ళినప్పుడు వేలు పెట్టేముందు మెషిన్ తెర మీద బస్తాల సంఖ్య చూడండి, చూపించమని అడగడం మీ హక్కు. రసీదు అక్కడే చదవండి, ఇంటికొచ్చాక కాదు. రోజువారీ నిల్వ, ధరల పట్టిక బయటికి కనపడేలా పెట్టాలి, దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. యూరియా డబ్బు, గుళికల డబ్బు కలిపి ఇవ్వకండి. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో యూరియాకి విడిగా పంపితే, రసీదులో 266.50, ఖాతాలో 340, ఈ రెండూ పక్కపక్కన నిలబడతాయి. అప్పు రాయించుకున్నా సరే, ఆ పుస్తకంలో ఏ వస్తువుకి ఎంత రాశారో ఫొటో అడగండి. బస్తా కుట్టు చూడండి, ఫ్యాక్టరీ కుట్టు ఒకే దారంతో వరుసగా ఉంటుంది, చేత్తో మళ్ళీ కుట్టినది వంకరగా తెలిసిపోతుంది. అనుమానం ఉంటే కాటా పెట్టించండి, లోపల 45 కిలోలుండాలి, 50 కాదు. 2018 నుంచి బస్తా బరువే తగ్గించారు, కనుక ఆ అయిదు కిలోలు ఎవరూ తీయలేదు.

వచ్చే దాళ్వాకి (రబీ వరికి) ముందే కౌలు కార్డు చేయించుకోండి, ప్రభుత్వ పంట నమోదైన ఈ-పంటలో మీ పేరు ఎక్కించండి. కొరత వచ్చినప్పుడు సొసైటీలోనూ రైతు సేవా కేంద్రంలోనూ మొదట అడిగేది ఆ కాగితాలే. అవి లేని కౌలు రైతే ప్రైవేటు షాపు మెట్లెక్కి చెప్పిన ధరకి తలూపాల్సి వస్తుంది. కొరత పుకారు విని నాలుగు బస్తాలు ముందే తెచ్చి ఇంట్లో వేయొద్దు, చెమ్మకి గడ్డకడుతుంది, పుకారుకి బలం కూడా మీరే ఇచ్చినవారవుతారు. తక్కువతో సరిపెట్టే దారులున్నాయి. చేలో నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్ళు పెడితే నష్టం తగ్గుతుంది. 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి గానీ 250 కిలోల తడిమట్టి గానీ కలిపి, రెండు రోజులు ఉంచి చల్లే పద్ధతీ ఉంది. నిలవనీళ్ళలో చల్లిన బస్తాలో సగం ఆవిరికీ మురుగుకాలవకీ పోతుంది, ఆ సగం కోసమే మళ్ళీ షాపుకి పరిగెత్తడం.

ఫిర్యాదు మీ మండల వ్యవసాయాధికారికి రాయాలి, ఎరువుల ఉత్తర్వు కింద తనిఖీ చేసే అధికారం ఆయనకుంది. వీలైతే అదే షాపులో అదే వారం కొన్న మరో నలుగురితో కలిసి రాయండి, అప్పుడు మీ ఒక్కరి అప్పు ఖాతా మీద కక్ష ఉండదు. షాపాయన మోసగాడు, దొంగ అనే మాటలు రాయకండి, అంకెలు రాయండి. తేదీ, రసీదు నంబరు, రసీదులో బస్తాలు ఆరు, తీసుకున్నవి నాలుగు, ఒక్కోదానికి ఇచ్చిన ధర 340, లింకుగా ఇచ్చిన గుళికల సంచి పేరు, కంపెనీ, ధర. చివర ఒక్క కోరిక రాయండి: 'ఆ తేదీ నుంచి షాపు పీఓఎస్ నిల్వనీ గోదాము నిల్వనీ సరిచూడండి, నా ఆధార్ మీద ఈ సీజన్‌లో నమోదైన అమ్మకాలన్నీ నాకు చూపించండి.' ఈ రెండో మాట ముఖ్యం. ఆరు బస్తాలతోనే ఆగిందో, మీకు తెలియకుండా ఇంకెన్ని మీ పేరు మీద పోయాయో అప్పుడే తెలుస్తుంది. ఎక్కువ యూరియా కొన్నవారి జాబితా, జిల్లాకి ఇరవై మంది చొప్పున, నెలనెలా కేంద్రం నుంచి తనిఖీకి వస్తుంది. అందులో ఏ కౌలు రైతు పేరైనా అతనికి తెలియకుండా ఉండొచ్చు.

పది రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం ఇచ్చి నమోదు నంబరు తీసుకోండి, లేదా 1100కి ఫోన్ చేయండి. బియ్యం గురించైతే 1967. అసలు రసీదు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు ఇవ్వండి. ఆ మెషిన్ కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, ఈ రోజే ఫొటో తీసి మీ అమ్మాయి ఫోన్‌లో కూడా ఒకటి ఉంచండి.